మూలప్రతిలో తప్పా, నకల్లో తప్పా?

మొన్న ఆదివారం మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డు వచ్చింది. "మేనరికాలు చేసుకోకండి, పుట్టే పిల్లలకి కేన్సర్లు వస్తున్నాయి" అని. కింద దణ్ణం పెడుతున్న చేతులు మూడు జతలు. పంపినాయన మావారి పెదనాన్నగారి అబ్బాయి. మంచివాడే, రోజూ పొద్దున్నే శ్లోకాలు పంపుతుంటాడు. అయితే ఆ గ్రూపులో మా మరిది కూతురు కూడా ఉంది. మేనత్త కొడుకునే చేసుకుంది. వాళ్ళ తొమ్మిదేళ్ళ పిల్లాడికి కిందటేడు ముంజేతిలో గడ్డ లేచింది. ముక్క పరీక్ష (బయాప్సీ), కీమో, కరెంటు (రేడియేషన్) పెట్టించడం, అన్నీ అయ్యేసరికి ఏడాది పట్టింది. ఫార్వర్డు చూసి ఆ పిల్ల ఒక్క మాట కూడా అనలేదు. గ్రూపులోంచి వెళ్ళిపోయింది, అంతే.

ఆయనకి ఫోన్ చేసి నాలుగు మాటలు అనేద్దామనుకున్నాను. నంబరు నొక్కబోతూ ఆగిపోయాను. ఆయన తప్పెంతో నా తప్పూ అంతే ఉంది.

నేను జువాలజీ చెబుతాను. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇంటర్ పిల్లలకి బోర్డు మీద మెండెల్ బఠాణీలు, వర్ణాంధత్వం, విక్టోరియా రాణిగారి ఇంట హీమోఫీలియా గీస్తూనే ఉన్నాను. జన్యువు అంటే తాతముత్తాతల నుంచి వచ్చేది అని ఈ ఊళ్ళో కొన్ని వేల బుర్రల్లోకి ఎక్కించినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. ఒక పిల్లాడి ఒంట్లో, వాడు పుట్టాక, ఒక్క కణంలో జన్యువు చెడవచ్చని, అది తల్లిదీ తండ్రిదీ కాదని నేను క్లాసులో చెప్పింది బహుశా రెండు నిమిషాలు. అదీ సిలబస్ అయిపోయాక.

ఆ రెండు నిమిషాల ఖరీదు ఎంతో డాక్టరు గదిలో తెలిసింది.

గదిలో పిల్లాడి తల్లి, తండ్రి, మా ఆడపడుచు, నేను ఉన్నాం. డాక్టరుగారు కుర్రాయన, ఓపిక ఉన్న మనిషి. "రాబ్డోమయోసార్కోమా అంటారండి. కండరం కావలసిన కణాలు కండరం కాకుండా పెరిగిపోతాయి. ఇది జెనెటిక్ మార్పు వల్ల వచ్చే గడ్డ" అన్నారు. ఇందులో అక్షరం తప్పు లేదు. కానీ "జెనెటిక్" అన్న మాట పడగానే మా ఆడపడుచు తల తిప్పి కోడలి వైపు చూసింది. ఆ చూపు నేను మరిచిపోలేను. బయటికొచ్చాక, మందుల షాపు దగ్గర బెంచీ మీద కూలబడి అడిగేసింది: "మీ పుట్టింటి వోళ్ళలో ఎవులికైనా ఉందేటమ్మా ఇలాటిది?"

ఆ పిల్ల పుట్టిల్లంటే మా ఆడపడుచుకీ పుట్టిల్లే. ఆ పిల్ల తండ్రి తన సొంత తమ్ముడు. ఆ సంగతి నేను గుర్తుచేస్తే ఒక్క క్షణం తడబడి, వెంటనే దారి మార్చింది. "మా తమ్ముడి వైపు నేదులే వదినా. దీని అమ్మ వైపు చూడాల." అంటే నా తోడికోడలి వైపు. నింద నీళ్ళలాంటిది, పల్లం ఎటుందో దానికి తెలుసు. మా ఇళ్ళలో పల్లం ఎప్పుడూ బయటినుంచి వచ్చిన ఆడదాని వైపే ఉంటుంది.

చేపల పరీక్ష

ముక్క పరీక్షలో డెస్మిన్, మయోజెనిన్ పాజిటివ్ అని వచ్చింది. అంటే ఇవి కండరం కాబోయిన కణాలే. తర్వాత ఫిష్ పరీక్ష చేయించమన్నారు. మా ఆడపడుచు "చేపల పరీక్షేటి?" అంది. ఫిషింగ్ హార్బరు ఉన్న ఊళ్ళో ఆ అనుమానం రావడంలో తప్పేమీ లేదు. పిల్లాడు ఆ రోజంతా "నాకు వంజరం పరీక్ష, నాకు చందువా పరీక్ష" అని ఆడుకున్నాడు. ఆ వారంలో మేము నవ్వింది అప్పుడే.

గడ్డ ముక్కని మైనం దిమ్మలో బిగించి ఇచ్చారు. అగ్గిపెట్టె కన్నా చిన్నది. హైదరాబాదు ల్యాబుకి పంపాలి. కొరియరు మీద నమ్మకం లేక మా అల్లుడే పట్టుకెళ్ళాడు. మే నెల. మైనం కరిగిపోతుందేమోనని దాన్ని స్టీలు టిఫిను డబ్బాలో పెట్టి, తడి తువ్వాలు చుట్టి, గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు. ఆ మైనం యాభై డిగ్రీలు దాటితేగానీ మెత్తబడదు బాబూ అని నేను చెప్పాను. విన్నాడు, తువ్వాలు మాత్రం తియ్యలేదు.

రిపోర్టులో ఒక ఫొటో ఉంది. నల్లటి నేల మీద నీలం గుండ్రాలు. ఒక్కో గుండ్రం ఒక్కో కణం. అందులో ఎర్ర చుక్కలు, ఆకుపచ్చ చుక్కలు. పదమూడో క్రోమోజోము మీద ఫాక్సో1 అనే జన్యువు ఉంటుంది. దానికి ఒక పక్క ఎర్ర రంగు, ఇంకో పక్క ఆకుపచ్చ రంగు తగిలిస్తారు. జన్యువు సవ్యంగా ఉంటే రెండు చుక్కలూ అంటుకుని కలిసి పసుపుగా కనిపిస్తాయి. తెగిపోతే ఎర్రది ఒక చోట, ఆకుపచ్చది ఇంకో చోట. మావాడి కణాల్లో ఒక పసుపు చుక్క, దూరంగా విడివిడిగా ఒక ఎర్రది, ఒక ఆకుపచ్చది. పదమూడో క్రోమోజోము జతలో ఒకటి బాగానే ఉంది, రెండోది తెగింది.

తెగిన ముక్క ఎక్కడ అతుక్కుందో ఇంకో పరీక్షలో తేలింది: రెండో క్రోమోజోము మీద పాక్స్3 దగ్గర. ఈ అతుకుని 1993లోనే పసిగట్టారు. పాక్స్3 అంటే బిడ్డ కడుపులో ఉండగా కండరాలు కట్టించే మేస్త్రీ అనుకోండి. పని అయిపోయాక నోరు మూసుకుని పక్కకి తప్పుకోవాలి. ఫాక్సో1 ముక్క తగులుకున్న పాక్స్3 తప్పుకోదు. కట్టండి, కట్టండి అని అరుస్తూనే ఉంటుంది. కూలీలు పెరుగుతూనే ఉంటారు, గోడ మాత్రం లేవదు. రాబ్డోమయోసార్కోమాలో, పొట్టిగా రాబ్డోలో, అల్వియోలార్ అనే రకం ఉంది. ఆ రకం గడ్డల్లో ఐదింట నాలుగు దాకా ఇలాంటి అతుకే ఉంటుంది. కొన్నిటిలో పాక్స్3 బదులు పాక్స్7 ఉంటుంది. ఈ అతుకు ఉంటే జబ్బు మొండిది, మందులు గట్టిగా వాడాలి అని డాక్టర్లు లెక్కేసుకుంటారు. అందుకే ఆ పరీక్ష. మాకు అది మంచి వార్త కాదు.

కానీ ఆ ఫొటోలో ఇంకో వార్త కూడా ఉంది, దాన్ని ఎవరూ మాకు విప్పి చెప్పలేదు. ఆ అతుకు గడ్డలోనే ఉంది. పిల్లాడి రక్తంలో ఉండదు, చర్మంలో ఉండదు, వాడి చెల్లెలి ఒంట్లో ఉండదు. తల్లి అండంలోంచో తండ్రి బీజంలోంచో వచ్చింది కాదది. పాక్స్3లో పుట్టుకతో లోపం ఉన్న కుటుంబాలు వేరే ఉన్నాయి. వాళ్ళకి నుదుటి మీద తెల్ల జుట్టు పాయ ఉంటుంది, కొందరికి చెవుడు ఉంటుంది. వార్డెన్‌బర్గ్ సిండ్రోమ్ అంటారు. కేన్సరు కాదు. జన్యువు ఒకటే. ఇంటి నుంచి వస్తే తెల్ల పాయ, కణంలో ప్రమాదవశాత్తూ తెగి అతుక్కుంటే ఈ గడ్డ.

విధాత రాత వేరు, నకలు రాసేవాడి తప్పు వేరు

ఇది మా ఆడపడుచుకి ఎలా చెప్పాలా అని చాలా రోజులు ఆలోచించాను. "సొమాటిక్" (పుట్టాక ఒంట్లో ఏదో కణంలో చెడింది), "జెర్మ్‌లైన్" (పుట్టుకతో వచ్చింది) అంటే కుదరదు. "కాయకణ ఉత్పరివర్తనం" అని మా తెలుగు మీడియం పుస్తకంలో ఉంది. ఆ మాట విని ఓదార్పు పొందిన మనిషి ఇంతవరకు పుట్టలేదు.

చివరికి దొరికిన పోలిక తాళపత్రాలది. పూర్వం ఒక గ్రంథానికి నకళ్ళు తీసేవాళ్ళు. మూలప్రతిలోనే ఒక అక్షరం తప్పుంటే దాన్నుంచి రాసిన ప్రతి నకల్లోనూ ఆ తప్పు వస్తుంది. అలా కాకుండా మూలం బాగానే ఉండి, వందో నకలు రాసేటప్పుడు వ్రాయసకాడికి కునుకు పట్టి రెండు ఆకులు తారుమారైతే, ఆ నకల్లోనూ, దాన్ని చూసి రాసినవాటిలోనూ మాత్రమే తప్పు ఉంటుంది. పిల్లాడి ఒళ్ళు అంటే నకళ్ళ మీద నకళ్ళు. పెరిగే వయసు కదా, కణాలు ఊపిరాడకుండా రాసుకుంటూ పోతాయి. మావాడి ముంజేతిలో ఏదో ఒక కణం దగ్గర ఆకులు తారుమారయ్యాయి.

"అయితే తలరాత కాదంటావా?" అని అడిగింది మా ఆడపడుచు. పురిట్లో ఆరో రోజు విధాత రాసేది మూలప్రతి. ఇది ఆ తర్వాత ఎప్పుడో, ఎవరూ రాయకుండా జరిగిన సంగతి. ఈ "ఎవరూ రాయకుండా" అన్నది మన మనసుకి ఎక్కదు. కర్మ అంటే ఎక్కుతుంది, దిష్టి అంటే ఎక్కుతుంది, గ్రహణంలో కూర తరిగింది అంటే ఎక్కుతుంది. పక్కింటివాళ్ళకైతే ఫ్యాక్టరీ పొగ అంటే ఎక్కుతుంది. విశాఖలో ఆ అనుమానం ఎవరికైనా వస్తుంది, వాళ్ళని తప్పుపట్టను. ఊరికే జరిగింది అంటే మాత్రం ఎవరూ ఒప్పుకోరు. నాకే రాత్రిళ్ళు ఒప్పుకోబుద్ధి కాదు.

ఇంకో మాట. రాబ్డోలో ఎంబ్రియోనల్ అనే రెండో రకం ఉంది, చిన్నపిల్లల్లో ఎక్కువ. అందులో ఈ అతుకు ఉండదు. చాలా గడ్డల్లో పదకొండో క్రోమోజోము మీద ఒక భాగంలో తల్లి నుంచి వచ్చిన ప్రతి పోయి, తండ్రి నుంచి వచ్చిందే మిగులుతుంది. ఎదుగుదలని ఎగదోసే ఐజీఎఫ్2 అనే జన్యువు తండ్రి ప్రతిలోనే పనిచేస్తుంది, తల్లి ప్రతిలో నోరు మూసుకుని ఉంటుంది. అత్తగార్లందరికీ ఈ వాక్యం అచ్చేసి పంచాలనిపించింది నాకు. కానీ అదీ గడ్డలో జరిగిన ప్రమాదమే. తండ్రి మీద నేరం మోపితే నేనూ ఆ ఫార్వర్డు పంపినాయన బాపతే అవుతాను.

మేనరికం సంగతి

మేనరికాలని వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. మా అమ్మాయికి మేనరికం వద్దని ఇంట్లో గొడవపడినదాన్ని. మా ఊళ్ళోనే ఆంధ్రా యూనివర్సిటీలో హ్యూమన్ జెనెటిక్స్ విభాగం ఉంది. రక్తసంబంధంలో పెళ్ళిళ్ళు, వాటి ఫలితాలు వాళ్ళకి పాత సబ్జెక్టే. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ చెడితేనే బయటపడే జబ్బులు మేనరికంలో ఎక్కువ. కేన్సరు తెచ్చేవి కూడా వాటిలో కొన్ని లేకపోలేదు. ఫాంకోని ఎనీమియా అనే రక్తం జబ్బు ఒకటి. నకల్లో తప్పులు దిద్దే యంత్రాంగమే పుట్టుకతో లేని పిల్లలు ఇంకొందరు, వాళ్ళకి మెదడులో గడ్డలు, రక్త కేన్సర్లు చిన్నప్పుడే వస్తాయి. అందుచేత "మేనరికానికీ కేన్సరుకీ ఏ సంబంధమూ లేదు" అని నేను అడ్డంగా రాసేస్తే అదీ అబద్ధమే.

కానీ పిల్లల్లో ఈ మెత్తని కండ గడ్డలు వంశంలో వచ్చే కొద్ది సందర్భాల్లో ముఖ్యమైనవాటికి ఒక్క ప్రతి చెడితే చాలు. టీపీ53 అనే జన్యువు అంతే, ఎన్ఎఫ్1 అంతే, డైసర్1 అంతే. ఒంటి మీద కాఫీరంగు మచ్చలు గుంపుగా ఉండే ఎన్ఎఫ్1 మనిషి బావని చేసుకున్నా, అమెరికాలో పరాయివాడిని చేసుకున్నా బిడ్డకి వచ్చే అవకాశం ఒకటే: సగానికి సగం. మేనరికం అక్కడ అదనంగా చేసేదేమీ లేదు. మావాడి అతుకు విషయంలో అయితే అసలు ప్రసక్తే లేదు.

ఇక్కడితో ఆపేసి ఉంటే ఈ వ్యాసం "వంశం కాదు, ఎవరి తప్పూ కాదు, ధైర్యంగా ఉండండి" అని ముగిసేది. ఒకప్పుడు అలాగే రాసుకున్నాను కూడా. చిత్తుప్రతి ఇంకా ఫోన్లో ఉంది.

నేను చేసిన పొరపాటు

ఆసుపత్రి పేరు రాయను. డే కేర్ వార్డులో మావాడికి మందు ఎక్కుతుండగా పక్క మంచం మీద మూడేళ్ళ పాప. పార్వతీపురం వైపు వాళ్ళు. తొడలో గడ్డ, ఎంబ్రియోనల్ రకం. అమ్మమ్మ పాప అరికాళ్ళు రాస్తూ కూచుంది. గోడకి ఆనుకుని నిలబడిన తల్లికి ముప్ఫై కూడా ఉండవు, చీర కొంగు నెత్తిమీదుగా బిగించి కట్టుకుంది. మాటల్లో తెలిసింది, కొంగు కింద జుట్టు ఇప్పుడిప్పుడే మొలుస్తోందని. ఏడాది కిందట ఆమెకి రొమ్ము తీసేశారు.

"తల్లికి రొమ్ములో, పిల్లకి కాల్లో. మా ఇంటి మీద ఎవులో చిల్లంగి పెట్టినారమ్మా" అంది ఆ ముసలమ్మ.

నేను అప్పటికి ఓదార్చడంలో చెయ్యి తిరిగినదాన్ని. తాళపత్రాల పోలిక అంతా అప్పజెప్పాను. "వంశంలో వచ్చేది కాదమ్మా ఇది, మావాడికీ అంతే. ఎవరి తప్పూ లేదు" అన్నాను. ఆ ముసలమ్మ నా చెయ్యి పట్టుకుంది. తల్లి కూడా కాస్త తేరుకున్నట్టు కనిపించింది. నేను చాలా తృప్తిగా ఇంటికి బయల్దేరాను.

ఎన్ఏడీ జంక్షన్ దగ్గర బస్సు ట్రాఫిక్‌లో ఆగింది. అప్పుడు వెలిగింది నా బుర్ర. ఇరవైల్లో తల్లికి రొమ్ము కేన్సరు, మూడేళ్ళ బిడ్డకి రాబ్డో. పాఠ్యపుస్తకంలో బొమ్మ వేసి చూపించాల్సిన జంట అది.

1969లో ఫ్రెడరిక్ లీ, జోసెఫ్ ఫ్రామెనీ అనే ఇద్దరు డాక్టర్లు అమెరికాలో రాబ్డో వచ్చిన 648 మంది పిల్లల రికార్డులు తిరగేశారు. అందులో నాలుగు కుటుంబాల్లో అన్నదమ్ములకో అక్కచెల్లెళ్ళకో దాయాదులకో కూడా ఇలాంటి గడ్డలే ఉన్నాయి, తల్లులకీ దగ్గరి బంధువులకీ చిన్న వయసులోనే రొమ్ము కేన్సర్లు, ఇతర కేన్సర్లు ఉన్నాయి. ఇది వంశంలో నడిచే జబ్బేమోనని ప్రశ్నార్థకం పెట్టి మరీ రాశారు. ఆ ప్రశ్నకి జవాబు దొరకడానికి ఇరవై ఒక్క ఏళ్ళు పట్టింది. 1990లో అలాంటి కుటుంబాల వాళ్ళలో పుట్టుకతోనే టీపీ53 చెడి ఉందని తేలింది. నకలు రాసేవాడు తప్పు చేస్తే పని ఆపించి దిద్దించే కాపలాదారు ఆ జన్యువు. పుట్టుకతోనే సగం కాపలా లేని ఇల్లన్నమాట.

648లో నాలుగు కుటుంబాలు. తక్కువే. 2021లో అమెరికాలో 615 మంది రాబ్డో పిల్లల జన్యువులు చదివితే, పుట్టుకతో వచ్చిన ఏదో ఒక కేన్సరు లోపం ఉన్నవాళ్ళు నూటికి ఏడుగురికి కాస్త పైన తేలారు. తొంభై ముగ్గురికి నా ఓదార్పు పనికొస్తుంది. ఆ ఏడుగురికి అది ఓదార్పు పేరుతో చేసిన మోసం.

పైగా తెలిస్తే చేయగలిగింది ఉంది. టీపీ53 లోపం ఉన్న బిడ్డకి రేడియేషన్ వీలైనంత వరకూ తప్పించాలని చూస్తారు, ఎందుకంటే కరెంటు పెట్టిన చోట ఇంకో గడ్డ పుట్టే ప్రమాదం వాళ్ళకి ఎక్కువ. అదే లోపం ఉన్న అన్నకో అక్కకో మూడు నాలుగు నెలలకోసారి కడుపు స్కానింగు, ఏడాదికోసారి ఒళ్ళంతా ఎంఆర్ఐ చేస్తూ పోతే గడ్డ చిన్నగా ఉన్నప్పుడే దొరుకుతుంది. టొరంటో వాళ్ళు మొదలుపెట్టిన పద్ధతి ఇది. 2016లో వాళ్ళు ప్రకటించిన లెక్కలో అలా చూయించుకున్నవాళ్ళలో ఐదేళ్ళ తర్వాత బతికున్నవాళ్ళు దాదాపు 89 శాతం, చూయించుకోనివాళ్ళలో 60 శాతం. చిన్న లెక్కే. పైగా చీటీలు తీసి విడగొట్టిన గుంపులు కావవి, ఇష్టపడ్డవాళ్ళు ఒక వైపు, వద్దన్నవాళ్ళు ఒక వైపు. అయినా ఆ తేడాని తేలిగ్గా తీసిపారేయలేను.

ఆ పార్వతీపురం తల్లికి ఆపరేషను ఒక ఆసుపత్రిలో, పాపకి వైద్యం ఇంకో ఆసుపత్రిలో. రెండు ఫైళ్ళు. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు లేరు. పెట్టి చూసే అవకాశం దొరికిన ఒకే ఒక్క మనిషిని నేను, తాళపత్రాల కథ చెప్పి వచ్చేశాను.

తర్వాతి వారం వెళ్తే వాళ్ళు లేరు. వార్డు సిస్టరు బతిమాలగా బతిమాలగా ఫోను కలిపి ఇచ్చింది. తండ్రి ఎత్తాడు. "ట్రీట్‌మెంటు నడుస్తోంది కదండీ, మళ్ళీ ఈ రక్తం పరీక్ష దేనికి?" అన్నాడు. పెద్దవాడు ఒకడున్నాడట, ఏడేళ్ళు. నాకు చేతనైనంతలో చెప్పాను, ఈసారి ఓదార్చకుండా. వాళ్ళ డాక్టరుగారికీ చెప్పాను. ఆయన ముఖం చూస్తే నామీద కోపం వచ్చిందో తనమీదే వచ్చిందో తెలియలేదు. ఫైలు మీద మాత్రం రాసుకున్నారు. పరీక్ష జరిగిందని విన్నాను. ఏం వచ్చిందో వాళ్ళు చెప్పలేదు, నేను అడగలేదు.

క్యాలెండరు వెనక

ఆ రాత్రే మా ఇంట్లో గోడ క్యాలెండరు కాగితం చింపి వెనక్కి తిప్పాను. ఇన్నేళ్ళు బోర్డు మీద రాణిగారి వంశవృక్షం గీసినదాన్ని, మా ఇంటిది ఒక్కసారీ గీయలేదు. మగవాళ్ళకి చదరం, ఆడవాళ్ళకి సున్నా. మా ఆడపడుచు ఒక పక్క, తోడికోడలు ఒక పక్క, నేల మీద కూచున్నాం.

ప్రయత్నించి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది. మన ఇళ్ళలో ఎవరూ కేన్సరుతో పోరు. "జబ్బు చేసి" పోతారు. "కడుపులో పుండు" వచ్చి పోతారు. "గాలి సోకి" పోతారు. ఒక పెద్దత్త "పురుటి జబ్బు"తో పోయింది, చివరి బిడ్డ పుట్టి ఆరేళ్ళయ్యాక! మగవాళ్ళ వయసులైనా గుర్తుంటాయి, ఆడవాళ్ళ పేర్లు కూడా ఉండవు. మా ఆడపడుచు అటువైపు ఎవరి జబ్బు చెప్పాల్సి వచ్చినా "అది పెద్దతనం" అనేసింది. నా తోడికోడలు మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా చెప్పింది, తన పెద్దన్నయ్య ఇరవై రెండేళ్ళకి "తలలో గడ్డ"తో పోయాడని. మెదడు గడ్డలు కూడా టీపీ53 కుటుంబాల్లో కనిపించేవే. క్షయ గడ్డ అయి ఉండొచ్చు, చీము గడ్డ అయి ఉండొచ్చు. కాగితాలేవీ లేవు.

మా ఆడపడుచు "సెప్పినాను కదా" అన్నట్టు చూసింది. అప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది. నింద కోసం అడిగిన ప్రశ్న, బిడ్డ కోసం అడగాల్సిన ప్రశ్న, రెండూ మాటకి మాట ఒకటే. "మీవాళ్ళలో ఎవరికైనా ఉందా?" అడిగే నోరు వేరు, అంతే. నోరు మంచిది కాదని ప్రశ్ననే మూసేయడం నేను చేస్తూ వచ్చిన పని.

రక్తం పరీక్ష చేయిద్దామన్నాను. పిల్లాడి చెల్లెలికి ఐదేళ్ళు. "ఉందని తేలితే రేపు దానికి సంబంధాలు వస్తాయా పెద్దమ్మా?" అని అడిగింది మా మరిది కూతురు. దీనికి చటుక్కున జవాబు చెప్పేవాళ్ళని నేను నమ్మను. పదిమందికీ తెలిసే ఊళ్ళో, పదిమందీ బంధువులే అయిన కులంలో, ఆ భయం ఉత్తి మూఢనమ్మకం కాదు. నలభై ఏళ్ళకి బయటపడే జబ్బైతే, ఆ పిల్ల పెద్దదై తనే తేల్చుకుంటుందిలే అని నేనూ వదిలేసేదాన్ని. కానీ ఇది చిన్నప్పుడే వచ్చే ప్రమాదం. పాతికేళ్ళ తర్వాతి పెళ్ళి కోసం ఐదేళ్ళప్పటి స్కానింగు మానడం నాకు సమ్మతం కాదు. అలాగే చెప్పాను. ముందు పిల్లాడికి చేయిద్దాం, వాడిలో లేకపోతే చెల్లెలి ప్రసక్తి రాదు అని కూడా చెప్పాను.

పిల్లాడి రక్తంలో టీపీ53 బాగానే ఉంది. రిపోర్టు నాలుగు వారాలకి వచ్చింది.

ఇంతకీ నేననేది ఏమిటంటే, డాక్టరుగారు ఆ గదిలో "జెనెటిక్" అని ఒక్క మాట కాదు, రెండు మాటలు చెప్పాల్సింది. "గడ్డలో ఏం చెడిందో చూస్తాం, మందు కోసం. అది మీ ఎవరి నుంచీ వచ్చింది కాదు. పుట్టుకతో ఏమైనా ఉందా అన్నది వేరే సంగతి. నూటికి తొంభై మందికి పైనే అలాంటిదేమీ ఉండదు. మీ రెండు వైపులా అడుగుతాను, నాన్న వైపు ముందు." తండ్రి వైపు ముందు అడగాలనడం నా పిచ్చి పట్టుదల అనుకోండి. టీపీ53 మగవాళ్ళ నుంచీ అంతే వస్తుంది. కొందరు పిల్లల్లో తల్లిదండ్రులిద్దరిలోనూ లేకుండా కొత్తగా కూడా పుడుతుంది.

ఈ మాట ఒక డాక్టరు బంధువుతో అంటే నవ్వాడు. "పిన్నీ, ఓపీలో రోజుకి ఎంతమందిని చూస్తామో తెలుసా? వంశవృక్షాలు గీస్తూ కూచుంటే కీమో ఎవడు పెడతాడు?" నిజమే. అగనంపూడిలో టాటావాళ్ళ హోమీ భాభా ఆసుపత్రి వచ్చాక శ్రీకాకుళం నుంచి కూడా జనం ఇక్కడికే వస్తున్నారు, ముంబై దాకా పోకుండా. వచ్చేవాళ్ళకి మంచం దొరకడమే పెద్ద సంగతి. కుటుంబంతో కూచుని ఈ మాటలు చెప్పడమే పనిగా ఉన్న మనిషి నేను తిరిగిన ఏ వార్డులోనూ కనిపించలేదు. కానీ చదరాలు, సున్నాలు గీయడానికి డాక్టరే అక్కర్లేదు. మా ఇంటర్ పిల్లలు గీస్తారు. నర్సింగు పిల్లలు గీస్తారు. అరగంట పని, ఒక కాగితం.

అంతకన్నా నన్ను తొలిచే అభ్యంతరం వేరే ఉంది. మా ఇంట్లో రిపోర్టు బాగుంది కాబట్టి నేనింత ధైర్యంగా రాస్తున్నానా? చెడుగా వచ్చి ఉంటే, నా తోడికోడలి అన్నగారి "తలలో గడ్డ" నిజంగానే అదే అయి ఉంటే, మా ఆడపడుచు నోటికి నేనే ఒక ఆయుధం ఇచ్చినదాన్ని అయ్యేదాన్ని. అప్పుడూ ఇదే రాసేదాన్నా? రాయాలి అని తెలుసు. రాసేదాన్ని అని మాత్రం చెప్పలేను.

కిందటి గురువారం మావాడికి మూడు నెలల స్కానింగు. ఇంటికొచ్చాక మా ఆడపడుచు ఒక పాలిథిన్ కవరు బయటికి తీసింది. కీమోలో దిండు మీద రాలిన జుట్టంతా అందులో దాచి ఉంచిందట. వాడి తలనీలాలు సింహాద్రి అప్పన్నకి మొక్కు. గుండు కొట్టించేలోపే రాలిపోయాయి కదా, ఇవైనా కొండమీద ఇచ్చి రావాలని. కవరు ముడి వేస్తూ, "ఆ సుక్కల బొమ్మ ఓపాలి సూపించు వదినా" అంది.

ఫోన్లో తీసి ఇచ్చాను. రెండు వేళ్ళతో పెద్దది చేసి, కళ్ళజోడు పైకి నెట్టి చాలాసేపు చూసింది.

"ఈ ఎర్రదీ పచ్చదీ కలిసుండాలన్నమాట."

"అవును."

"ఇడదీసిందెవులు?"

"ఎవరూ కాదు."

నమ్మలేదు. కానీ కోడలు కాఫీ తెచ్చి ఇస్తే, గ్లాసు అందుకుంటూ ఆ పిల్ల వైపు చూడలేదు. బొమ్మనే ఇంకాస్త పెద్దది చేసి, ఆకుపచ్చ చుక్క ఎక్కడికి పోయిందా అని వేలితో వెతుకుతూ కూచుంది.